రంధ్రాలున్న అక్వేరియానికి డ్రెయిన్, రిటర్న్ పైపుల ప్రణాళిక

ముందే రంధ్రాలు వేసిన అక్వేరియం కొన్న వాళ్లలో చాలామంది మొట్టమొదట వెతికేది పంపు కోసం. నిజానికి అది చివర ఎంచుకోవలసిన వస్తువు. తొట్టిలోంచి సంపులోకి, అంటే కింద స్టాండులో ఉండే వడపోత తొట్టిలోకి, ఎంత నీరు నిశ్చింతగా దిగగలదో తేలాకే, సంపులోంచి పైకి ఎంత నీరు పంపవచ్చో తేలుతుంది. దిగే దారి ఎంత వెడల్పన్నది తొట్టి తయారుచేసినవారు రంధ్రం వేసిన నాడే నిర్ణయమైపోయింది. అందుచేత ప్రణాళిక రంధ్రాల దగ్గర మొదలై, డ్రెయిన్ (నీరు కిందికి దిగే పైపు) పద్ధతి, సంపులో నీటిమట్టం, రిటర్న్ పైపు (నీటిని తిరిగి పైకి తెచ్చేది) మీదుగా సాగి, పంపు దగ్గర ముగియాలి. దారి పొడవునా రెండు ప్రశ్నలు వేసుకుంటూ ఉండాలి. కరెంటు పోయినప్పుడు పైనుంచి ఎంత నీరు కిందికి దిగుతుంది? డ్రెయిన్ మూసుకుపోయినప్పుడు పంపు తోసే నీరు ఎక్కడికి పోతుంది?

లెక్కలు స్పష్టంగా ఉండేందుకు ఒక తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం. లోపలి కొలతలు 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 55 సెం.మీ. ఎత్తు; నీరు 50 సెం.మీ. దాకా. మూలన ఓవర్‌ఫ్లో బాక్స్ (పై అంచున ఉన్న పళ్ల సందుల్లోంచి తొట్టి నీరు పొంగి పడే అర), దాని అడుగున రెండు రంధ్రాలు: ఒకటి 1 అంగుళం కనెక్టరుకు, రెండోది ముప్పావు అంగుళం కనెక్టరుకు. స్టాండు లోపల 90 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు ఉన్న సంపు. నాలుగడుగుల తొట్టికి ఇది తరచుగా కనిపించే అమరికే.

రంధ్రం కొలత, పైపు కొలత

రంధ్రానికి బిగించే బల్క్‌హెడ్‌ను మన హార్డ్‌వేర్ షాపుల్లో ట్యాంక్ కనెక్టర్ అనో, ట్యాంక్ నిపుల్ అనో అడిగితే ఇస్తారు. దీన్ని "ఒక అంగుళం" అన్న పేరుతో కొనకూడదు. ఆ పేరు లోపల పట్టే పైపుకు చెందినది. అద్దంలో కావలసిన రంధ్రం అంతకంటే బాగా పెద్దది. అమెరికన్ కొలతల్లో వచ్చే మామూలు ఏబీఎస్ ప్లాస్టిక్ బల్క్‌హెడ్ ఒక అంగుళానిదైతే 1¾ అంగుళాల రంధ్రం, అంటే దాదాపు 45 మి.మీ. కావాలి, ముప్పావు అంగుళానిదైతే 1½ అంగుళాలు, అంటే 38 మి.మీ. కావాలి. అదే పేరుతో దొరికే మందపాటి షెడ్యూల్ 80 రకానికి ఇంకా పెద్ద రంధ్రం కావలసివస్తుంది. కాబట్టి వెర్నియర్ కాలిపర్‌తో రంధ్రాన్ని రెండు దిశల్లో కొలిచి, ఆ కొలత రాసుకుని షాపుకు వెళ్లాలి. కనెక్టర్ ఒళ్లు రంధ్రంలో ఒకటి రెండు మి.మీ. వదులుగా దిగాలి, దాని అంచు రంధ్రం చుట్టూ అద్దం మీద అన్నివైపులా సమంగా కూర్చోవాలి. రంధ్రం చాలకపోతే పెంచవచ్చులే అనుకోవద్దు. అడుగు అద్దం టెంపర్డ్ (వేడితో గట్టిపరిచినది) అయితే డ్రిల్లు తగలగానే మొత్తం ముక్కలైపోతుంది. మామూలు ఫ్లోట్ గ్లాసే అయినా, అతికించేసిన తొట్టికి మళ్లీ కోత పెట్టడం చేయదగ్గ పని కాదు. రంధ్రం అంచున చిన్న చిట్లు ఉండి అవి వాషర్ కిందికి వచ్చేట్లయితే ఫరవాలేదు. అంచు నుంచి బయటికి పాకే సన్నని బీట కనిపిస్తే మాత్రం ఆ తొట్టిని వెనక్కి ఇచ్చేయడమే మంచిది.

పైపుల దగ్గర మన దేశంలో ఒక చిక్కు ఉంది. షాపులో మూడు రకాల కొలతల పైపులు పక్కపక్కనే ఉంటాయి, మూడూ చూపుకు ఒకేలా అనిపిస్తాయి, ఏదీ మరొకదానిలో సరిగా ఇమడదు. ఇళ్లలో చన్నీళ్లకు వాడే యూపీవీసీ పైపు ఏఎస్‌టీఎం డి1785 (అమెరికన్ ప్రమాణం) ప్రకారం తయారవుతుంది. అందులో ఒక అంగుళం పైపు బయటి వ్యాసం 33.4 మి.మీ. వ్యవసాయానికి వాడే ఐఎస్ 4985 (భారతీయ ప్రమాణం) పైపును బయటి వ్యాసంతోనే పిలుస్తారు, 32 మి.మీ. పైపు అంటే బయట కొలిస్తే 32 మి.మీ. వేడినీళ్ల సీపీవీసీ ఒక అంగుళం పైపు బయటి వ్యాసం 28.6 మి.మీ. మాత్రమే. అమెరికన్ అంగుళాల బల్క్‌హెడ్ తెప్పించుకున్నవారు ఏఎస్‌టీఎం యూపీవీసీ వైపు వెళ్లాలి. 25, 32 మి.మీ. అని రాసి ఉన్న మెట్రిక్ బల్క్‌హెడ్ కొన్నవారు అదే బయటి వ్యాసమున్న పైపు తీసుకోవాలి. 32 మి.మీ. పైపును ఒక అంగుళం సాకెట్‌లో పెట్టి, ఆ సందును సాల్వెంట్ సిమెంట్‌తో నింపుతామనే ప్లంబర్లు ఉంటారు. మేడ మీది నీళ్ల ట్యాంకుకు అలా చేసి నెట్టుకురావచ్చు గానీ హాల్లో పెట్టే అక్వేరియానికి ఒప్పుకోకూడదు.

కొనేటప్పుడు మరో రెండు సంగతులు చూసుకోవాలి. సీపీవీసీ మర ఫిట్టింగుల్లో చాలావాటికి లోపల ఇత్తడి మర ఉంటుంది. ఇత్తడిలో ఉండే రాగి రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం, ఉప్పునీటిలో అది త్వరగా కరుగుతుంది కూడా. ఇత్తడి వాల్వులు, గన్‌మెటల్ గేట్ వాల్వులు ఇదే కారణంతో పనికిరావు. జింకు పూత ఉన్న జీఐ నిపుళ్లూ వద్దు. మొత్తం ప్లాస్టిక్‌తో చేసినవే కావాలి. రెండోది సీసం. పీవీసీ పైపుల్లో సీసం స్టెబిలైజర్ల వాడకాన్ని మానిపించడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. పైపు మీద సీసం లేదన్న ముద్ర ఉందో లేదో చూసి తీసుకోవాలి, గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత సరుకును వదిలేయాలి.

డ్రెయిన్: రెండు రంధ్రాలూ దిగడానికే

మూల బాక్సులో రెండు రంధ్రాలు ఇచ్చిన తయారీదారు ఉద్దేశం పెద్దది డ్రెయినుకు, చిన్నది రిటర్నుకు అని. ఆ ఉద్దేశాన్ని పక్కన పెట్టి, రెండు రంధ్రాలనూ డ్రెయినుకే వాడి, రిటర్న్ పైపును వెనక అద్దం అంచు మీదుగా తేవడం మేలని నా అభిప్రాయం. వెనకాల ఒక పైపు కనిపిస్తుంది, నిజమే. దానికి బదులుగా దొరికేది రెండో దారి. ఒకే డ్రెయిన్ ఉన్న తొట్టిలో ఒక నత్తో, ఒక ఆకో పైపు నోటికి అడ్డం పడితే నీరు పోవడానికి మరో దారి ఉండదు.

ఒకే పైపుతో పనిచేసే పాత పద్ధతి డర్సో. నిలువు పైపు పైన టీ, దానికి కిందికి తిరిగిన ఎల్బో, టీ మూతకు గాలి కోసం చిన్న రంధ్రం. ఇందులో పైపు లోపల నీరూ గాలీ కలిసి దిగుతాయి కాబట్టి సామర్థ్యం తక్కువ. ఒక అంగుళం పైపు గంటకు సుమారు 2,200 లీటర్లకు మించి మోయదు, ఆ దరిదాపుల్లో నడిపితే గలగలమని చప్పుడు కూడా చేస్తుంది. డ్రెయినుకు ఒక్క రంధ్రమే ఉన్నవారు ఈ పద్ధతికి కట్టుబడి, ప్రవాహాన్ని 1,500 లీటర్ల లోపే ఉంచుకోవాలి.

రెండు రంధ్రాలకు సరిపోయేది హెర్బీ పద్ధతి. ఒక పైపు పూర్తిగా నీటితో నిండి, గాలి లేకుండా నీటి బరువుతోనే లాగే సైఫన్‌గా దిగుతుంది, దాని కింది భాగంలో గేట్ వాల్వు ఉంటుంది. రెండో పైపు ఖాళీగా, అత్యవసరానికి ఎదురుచూస్తూ ఉంటుంది. గాలి కలవదు కాబట్టి చప్పుడు దాదాపు ఉండదు, మోసే నీరు కూడా బాగా పెరుగుతుంది. మీటరు ఎత్తు తేడా, రెండు మూడు వంపులు ఉన్నాయనుకుంటే ముప్పావు అంగుళం సైఫన్ గంటకు 2,500 లీటర్ల ప్రాంతంలోనూ, ఒక అంగుళానిది 4,000 లీటర్ల ప్రాంతంలోనూ దించగలదు. ఇక్కడే చాలామందికి తోచనిది ఒకటుంది: సైఫన్‌ను చిన్న రంధ్రానికి ఇచ్చి, పెద్ద రంధ్రాన్ని అత్యవసర పైపుకు ఇవ్వాలి. మన ఉదాహరణ తొట్టిలోని నీటినంతా గంటకు అయిదుసార్లు తిప్పినా 1,800 లీటర్లే కాబట్టి ముప్పావు అంగుళం సైఫన్ సులువుగా సరిపోతుంది. అది పూడుకుపోయిన రోజున మొత్తం ప్రవాహాన్ని మోయవలసింది రెండో పైపు, అదీ గాలితో కలిసి. కనుక వెడల్పు దానికే అవసరం. మూడు రంధ్రాలున్న తొట్టి అయితే బీన్‌అనిమల్ పద్ధతిలో సైఫన్, కొద్దిగా నీరు జారే తెరిచిన పైపు, అత్యవసర పైపు అని మూడూ పెట్టుకోవచ్చు. అప్పుడు వాల్వును మాటిమాటికీ సవరించే పని తప్పుతుంది.

ఎత్తులు ఇలా ఉండాలి. సైఫన్ నోరు బాక్సులోని నీటిమట్టానికి కనీసం 10 సెం.మీ. లోతున ఉండాలి, లేకపోతే సుడి పుట్టి గాలి లాగుతుంది. దానికి జల్లెడ తప్పనిసరి. అత్యవసర పైపు నోరు బాక్సులో మామూలు మట్టానికి 2 సెం.మీ. పైన, తొట్టి అంచుకు కిందే ఉండాలి. దానికి సన్నని జల్లెడ పెట్టకూడదు, వాల్వు అసలే పెట్టకూడదు. సంపులో సైఫన్ పైపు కొస నీటిలో 2 నుంచి 3 సెం.మీ. మాత్రమే మునగాలి. అంతకంటే లోతుగా ముంచితే, పంపు మళ్లీ మొదలైనప్పుడు పైపులోని గాలిని నీరు బయటికి నెట్టలేక సైఫన్ పట్టదు. వేసవిలో రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చే ఊళ్లో ఈ ఒక్క కొలత తప్పితే ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి వాల్వు తిప్పవలసివస్తుంది. అత్యవసర పైపు కొసను మాత్రం సంపు నీటికి పైనే వదిలేయాలి. అందులోంచి నీరు పడుతున్న చప్పుడు వినిపించిందంటే సైఫన్‌లో ఏదో అడ్డుపడిందని పక్కగదిలో ఉన్నా తెలిసిపోతుంది.

బాక్సు పళ్ల మీదుగా ఎంత నీరు దాటగలదో కూడా ఒకసారి చూసుకోవాలి. 30 సెం.మీ. పొడవున్న తెరిచిన అంచు మీద నీరు 1 సెం.మీ. ఎత్తున పారితే గంటకు దాదాపు 2,000 లీటర్లు దాటుతాయి. పళ్లు సగం అంచును ఆక్రమిస్తే ప్రవాహమూ సగమవుతుంది, లేదా అంతే నీరు దాటడానికి మట్టం మరి కొంచెం పెరుగుతుంది. మన ఉదాహరణకు ఇది ఇబ్బంది కాదు.

కరెంటు పోయినప్పుడు దిగే నీరు

ఇదంతా గుణింపు, కూడిక లెక్కే, అయినా ఎక్కువమంది దాటవేసేది దీన్నే. తొట్టి వైశాల్యం 120 × 60, అంటే 7,200 చదరపు సెం.మీ.; మట్టం 1 సెం.మీ. తగ్గితే 7.2 లీటర్లు కిందికి వచ్చినట్టు. పంపు ఆగగానే రిటర్న్ పైపు వెనక్కి సైఫన్‌గా మారి, దాని నోటికి గాలి తగిలేదాకా తొట్టి నీటిని సంపులోకి లాగుతుంది. రిటర్న్ నోరు నీటికి 5 సెం.మీ. లోతున ఉందనుకోండి: 36 లీటర్లు. ఓవర్‌ఫ్లో బాక్సు 15 × 25 సెం.మీ. ఉండి, సైఫన్ నోటిదాకా 10 సెం.మీ. దిగితే మరో 3.75 లీటర్లు. పైపుల్లో నిలిచినది ఒక లీటరు. మొత్తం సుమారు 41 లీటర్లు.

సంపు వైశాల్యం 3,600 చదరపు సెం.మీ., కనుక 41 లీటర్లు చేరితే మట్టం 11.4 సెం.మీ. పెరుగుతుంది. సంపును గదులుగా విడదీసి నీటిమట్టాన్ని నిలిపే అడ్డు అద్దాలు 25 సెం.మీ. ఎత్తున ఉంటే నీరు 36.4 దగ్గర ఆగుతుంది, బయటికి రాదు. అవే అద్దాలు 30 సెం.మీ. ఉంటే 41.4 అవుతుంది, 40 సెం.మీ. సంపు దాన్ని పట్టలేదు, నేల తడుస్తుంది. రిటర్న్ నోటిని 1.5 సెం.మీ. లోతుకే పరిమితం చేస్తే దిగే నీరు 15.5 లీటర్లకు పడిపోతుంది, సంపులో పెరుగుదల 4.3 సెం.మీ. మాత్రమే. ఎంత ఖరీదైన సామాను కొన్నా, రిటర్న్ నోటిని మూడున్నర సెంటీమీటర్లు పైకి జరిపినంత లాభం దొరకదు. అయినా స్కిమ్మరు (మురికిని నురుగుగా తీసే పరికరం), రాళ్లు, వడపోత మీడియా సంపులో స్థలం ఆక్రమిస్తాయి కాబట్టి లెక్కకు పైన ఇంకో 3 సెం.మీ. ఖాళీ ఉంచుకోవాలి.

రిటర్న్ పైపుకు నీటిమట్టం దగ్గర 3 మి.మీ. రంధ్రం వేస్తే గాలి దూరి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రాన్ని వేయండి, కానీ లెక్కలో చేర్చకండి. నాచు పట్టి, సున్నం పేరుకుని అది ఎప్పుడు మూసుకుపోయిందో ఎవరికీ తెలియదు. నీటిని వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వు సంగతీ అంతే, చిన్న ఇసుక రేణువు చాలు దాన్ని సగం తెరిచి ఉంచడానికి. ఈ రెండూ పనిచేయకపోయినా సంపు పొంగకూడదన్నదే లెక్కకు ఆధారం కావాలి.

ఇక రెండో ప్రమాదం. సైఫన్, అత్యవసర పైపు రెండూ మూసుకుపోయాయనుకుందాం. పంపు తన గదిలోని నీరంతా పైకి తోసి, గాలి పీల్చేదాకా నడుస్తుంది. పంపు ఉండే ఆ రిటర్న్ గది 20 × 40 సెం.మీ. ఉండి, 18 సెం.మీ. నీటిలో 6 సెం.మీ. దగ్గర పంపు గాలి పీల్చితే, పైకి పోయేది 9.6 లీటర్లు, తొట్టిలో 1.3 సెం.మీ. పెరుగుదల. తొట్టి అంచుకు అంతకంటే ఎక్కువ ఖాళీ ఉంటే చాలు. ఆవిరైన నీటిని దానంతటదే నింపే ఆటో టాప్-అప్ పెట్టుకున్నవారికి ఇక్కడ ఇంకో మెలిక ఉంది: రిటర్న్ గది ఖాళీ కాగానే అది నీరు ఆవిరైందనుకుని తన డబ్బాలోని మంచినీటిని కుమ్మరిస్తుంది. 20 లీటర్ల డబ్బా అయితే మరో 2.8 సెం.మీ., వెరసి 4.1. నీటిమట్టం 50 సెం.మీ. దగ్గర ఉంచిన మన తొట్టికి 5 సెం.మీ. ఖాళీ ఉంది, గండం గడుస్తుంది. మట్టం 52 దగ్గర పెట్టుకున్నవారికి గడవదు.

రిటర్న్ పైపు, పంపు

రిటర్న్ పైపును పంపు నోటికి ఉన్న కొలతతోనే వేయాలన్న నియమం లేదు. ఒక కొలత పెద్దది వేయడమే మంచిది. లోపలి వ్యాసం 20 మి.మీ. నుంచి 25 మి.మీ.కు పెంచితే, అదే ప్రవాహానికి రాపిడి నష్టం దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. ప్రతి 90 డిగ్రీల ఎల్బో ఒక అంగుళం పైపులో ముప్పావు మీటరు తిన్నని పైపు అంత అడ్డు కలిగిస్తుంది కాబట్టి, వీలైనచోట రెండు 45 డిగ్రీల బెండులు వాడటం, పంపు దగ్గర కొద్ది దూరం మెత్తని గొట్టం పెట్టి కంపనం పైపులకు ఎక్కకుండా చూడటం మంచిది.

పంపు డబ్బా మీద రాసిన అంకె ఎత్తు సున్నా ఉన్నప్పటిది. పక్కన ఇచ్చే గ్రాఫులో, సంపు నీటిమట్టం నుంచి తొట్టి అంచు దాకా ఉన్న ఎత్తుకు ఎల్బోల నష్టం కలిపి, మన ఉదాహరణలో 1.5 మీటర్లనుకుని, ఆ ఎత్తు దగ్గర ఎంత ఇస్తుందో చూడాలి. అక్కడ 1,800 నుంచి 2,000 లీటర్లు ఇచ్చే పంపు కావాలి. సైఫన్ దించగలిగినదానికంటే ఎక్కువ తోసే పంపు కొని, వాల్వుతో అణచిపెట్టవద్దు; రేపు ఎవరో తెలియక ఆ వాల్వు పూర్తిగా తెరుస్తారు. వేగం మార్చుకునే డీసీ పంపు అయితే ఈ సవరణ ఇంకా తేలిక. ఇన్వర్టర్ మీద పెట్టేది రిటర్న్ పంపు కావలసిన అవసరం లేదు. చిన్న ఎయిర్ పంపో, తొట్టి నీటిని కదిలించే వేవ్ మేకరో తక్కువ కరెంటుతో చేపలను కాపాడుతుంది.

బిగింపు, అతుకులు

బల్క్‌హెడ్ వాషర్ అంచు ఉన్న వైపు, అంటే తొట్టి లోపల ఉండాలి. నట్టు బయటి నుంచి వస్తుంది. కొన్ని రకాలకు నట్టు మర ఎడమవైపుకు తిరుగుతుంది, బలవంతం చేసే ముందు చూసుకోవాలి. చేత్తో బిగించి, ఆ మీద పావు చుట్టు చాలు. వాషరుకు సిలికాన్ పూయకూడదు. అది వాషరును జారేలా చేస్తుంది, తర్వాత విప్పడానికి అవస్థ పెడుతుంది.

అతికించే ముందు మొత్తం పైపులు పొడిగా అమర్చి, ప్రతి అతుకు దగ్గర పెన్సిలుతో అడ్డగీత పెట్టుకుంటే సిమెంట్ పూశాక ఎల్బో ఏ దిశలో ఉండాలో తడుముకోనక్కర్లేదు. ప్రతి వాల్వుకూ, ప్రతి బల్క్‌హెడ్ కిందా యూనియన్ (విప్పి మళ్లీ బిగించగల జోడు) ఉండాలి. గేట్ వాల్వు స్టాండు తలుపు తెరిస్తే చేతికి అందే చోట ఉండాలి. ఇక్కడ గేట్ వాల్వే కావాలి, ఎందుకంటే బాల్ వాల్వు వెంట్రుకవాసి కదిలినా ప్రవాహం చాలా మారిపోతుంది. పైపులను ఎక్కడా పూర్తి అడ్డంగా వేయకుండా కిందికి వాలుగా తేవాలి. కోసిన కొసల పొట్టు గీకేసి, పైపు రకానికి తగిన సిమెంట్‌ను రెండు వైపులా పూసి, తోసేటప్పుడు పావు చుట్టు తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఒక రోజు ఆరనిచ్చి, కడిగి, అప్పుడే నీరు పట్టాలి.

నీటితో పరీక్ష

చేపలు, ఉప్పు, ఇసుక ఏవీ లేకుండా కుళాయి నీటితోనే పరీక్ష చేయాలి. తొట్టి నింపి, పంపు వేసి, గేట్ వాల్వును మెల్లగా మూస్తూ బాక్సులోని మట్టం అత్యవసర పైపుకు 2 సెం.మీ. కింద నిలిచేదాకా సవరించాలి. ఒక్కో సవరణ తర్వాత పది నిమిషాలు ఆగాలి, మట్టం తేలడానికి ఆమాత్రం పడుతుంది. తర్వాత స్విచ్ ఆపి, నీరు దిగడం పూర్తయ్యాక సంపు అద్దం మీద టేపు అంటించాలి. మళ్లీ వేసినప్పుడు మొదటి ఒకటి రెండు నిమిషాలు అత్యవసర పైపులో నీరు పడి, గాలి బుడబుడమని బయటికి వచ్చి, ఆపైన నిశ్శబ్దమైపోవాలి. అలా కాకపోతే సంపులో పైపు కొస ఎక్కువ మునిగిందేమో చూడాలి. ఇదే పనిని వరుసగా అయిదారుసార్లు చేయాలి. ఆ తర్వాత సైఫన్ నోటిని అరచేత్తో మూసి, అత్యవసర పైపు ఒంటరిగా మొత్తం నీటిని మోస్తోందో లేదో గమనించాలి. చివరగా రెండింటినీ మూసి, పంపు గాలి పీల్చేదాకా తొట్టి అంచు వైపు చూస్తూ నిలబడాలి.

ఈ పరీక్షలన్నీ గట్టెక్కాక, వాల్వు పిడి ఏ స్థానంలో ఉందో మార్కర్‌తో గీత పెట్టి, ప్రతి యూనియన్ చుట్టూ టిష్యూ కాగితం చుట్టి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారాక ఎక్కడైనా కాగితం చెమ్మగిల్లితే ఆ యూనియన్ విప్పి, లోపలి రబ్బరు ఓ-రింగు తుడిచి, తిరిగి బిగించాలి. ఉప్పు కలపడం ఆ తర్వాతే.